చల్లని వైపు గూడు

సెలవురోజు పొద్దున్నే కరెంటు మీటరు రీడరు తన ఇంటి హాల్లో పాత దుప్పటి పరిచి, దాని మీద కొత్త గాజుపెట్టె పెట్టాడు. అడుగున గులకరాళ్లు పోశాడు. వాటి మీద దోమతెర ముక్క, ఆపైన కొబ్బరిపొట్టు కలిపిన మట్టి. మట్టిని పిడికిట్లో నొక్కి చూశాడు. ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. రెండు చారల బల్లులూ కిటికీ దగ్గర అట్టపెట్టెలో ఉన్నాయి. చిన్నదానికి తోక లేదు.

అది తన తప్పేనని అతను ఒప్పుకున్నాడు. పాత పెట్టెలో దాక్కోవడానికి ఒకే గూడు పెట్టాడు, అదీ వేడి కోసం పెట్టిన బల్బు కింద. పెద్ద బల్లి దాన్ని ఆక్రమించింది. చిన్నది బయటే బెదురుతూ తిరిగి, చివరికి తోక వదిలేసింది.

"ఈసారి రెండు గూళ్లు. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి," అన్నాడు బెరడు ముక్కను మట్టిలో ఏటవాలుగా గుచ్చుతూ. "ప్రాణమన్నాక పారిపోయి దాక్కునే చోటుండాలి కదా."

"ఉండాలి," అంది భార్య, కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండా.

ఆమె ఎడమచెయ్యి మోచేతి కింద పాలిపోయి ఉంటుంది. కుడిదానికంటే కాస్త పొట్టి. అరచేతిలో గీతల్లేవు. పెళ్లయిన కొత్తలో అతను మణికట్టు పట్టి మెలితిప్పితే చెయ్యి అతని గుప్పిట్లోనే ఉండిపోయింది. మళ్లీ మొలిచింది. తర్వాతిసారి మోచేతి దగ్గర ఊడింది. ఊడినవాటిని ఆమె అత్తగారు పెరట్లో పాతిపెట్టి, "తడిగుడ్డ చుట్టుకో, తొందరగా వస్తుంది," అనేది. పక్కింటావిడకైతే అసూయ. "నాకే గనక అలా ఊడితే, గిన్నెలు తోమాల్సి వచ్చినప్పుడల్లా ఊడగొట్టుకుని కూర్చునేదాన్ని వదినా!"

ఒకసారి ఊడిన చోట మళ్లీ ఊడదు, ఆ పైనెక్కడో ఊడాలి. బల్లుల గురించి అతనే చెప్పిన సంగతి అది. ఆమె మరిచిపోలేదు. కుడిచెయ్యి మిషన్‌కి కావాలి గనక గొడవ మొదలైతే ఎడమదే ముందుకు పెట్టేది. ఇక దానికి మిగిలింది భుజం. ఆ తర్వాత అతను పట్టుకుంటే పట్టుకున్నట్టే.

అతని చొక్కా అంచు సగం కుట్టి ఆపేసింది. కత్తెర, టేపు సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికి. దుకాణంలో మిషన్ ఖాళీగా ఉందంది."

"ఎప్పుడొస్తావ్?"

"రాను."

అతను నీళ్లు చల్లే సీసా పక్కన పెట్టాడు, మూత బిగించి మరీ. వంటింట్లోంచి అత్తగారు అరిచింది. "ఒరేయ్, నెమ్మది! పెరట్లో ఇంక చోటు లేదు."

గుమ్మం దగ్గర ఆమెను అందుకున్నాడు. ఆమె ఎడమచెయ్యే వెనక్కి చాచి ఇచ్చింది. భుజం దగ్గర చిక్కుడుకాయ తుంచినంత చప్పుడు. రక్తం రాలేదు, ఎప్పుడూ రాదు. చెయ్యి అతని పట్టులో గిలగిల కొట్టుకుంది. తెగిన తోక కొట్టుకునేది వేటాడేవాడి చూపు తన మీదే నిలపడానికని అతనికి తెలుసు. అయినా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తలెత్తేసరికి వీధి ఖాళీగా ఉంది.

"ఇలా తే, ఎక్కడో ఓ చోట పాతేస్తాను," అంది తల్లి.

"వద్దు. దీని కోసమైనా వస్తుంది."

చెయ్యి ఎండిపోకుండా గాజుపెట్టెలో పెట్టాలనుకున్నాడు. మోచేతి దగ్గర మడిచినా పట్టలేదు. చల్లని వైపు గూడుకని పెట్టిన బెరడు తీసేసి, ఆ చోట అరచేతిని బోర్లా పెట్టాడు. బల్లుల్ని వదిలాడు.

ఆమె రాలేదు. అక్క దుకాణంలో ఆమెకు భుజం నుంచి కొత్త చెయ్యి మొలిచింది. పొట్టిది, గీతల్లేనిది. అది ఇక ఊడదు. ఊడాల్సిన అవసరమూ రాలేదు.

ఇక్కడ చిన్న బల్లి ఆ అరచేతి కిందికి చేరింది. దానికి తోక మొలుస్తోంది. అతను రోజూ నీళ్లు చల్లుతాడు, మిడతలు వేస్తాడు. మూత తీసినప్పుడల్లా ఆ వేళ్లు బల్లి మీదికి ముడుచుకుంటాయి. అతను మూత పెట్టి వెళ్లేదాకా విచ్చుకోవు.