ఊ కొట్టేవాళ్ళు కావాలి

డాక్టర్ గారు పోయి రెండేళ్ళు దాటినా, కాంపౌండర్ రోజూ ఎనిమిదింటికల్లా క్లినిక్ తలుపు తీసేవాడు. ముందు బల్లలు తుడిచేవాడు. తర్వాత థర్మామీటర్లు కడిగి గాజుగ్లాసులో నిలబెట్టేవాడు. ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి, చెప్పులు వరసగా విప్పండి, ఇది సంత కాదు అని అరిచేవాడు. అప్పటికే ఒళ్ళు వెచ్చబడ్డవాళ్ళు, వాళ్ళను వెంటబెట్టుకొచ్చినవాళ్ళు బల్లల మీద సర్దుకుని కూర్చునేవారు. డాక్టర్ గారి కుర్చీ ఖాళీగా ఉండేది. అందులో ఎవరూ కూర్చునేవారు కాదు.

వైద్యం మాత్రం ఆగలేదు. జ్వరం వచ్చినవాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చుని, డాక్టర్ గారి గురించి తాము కళ్ళారా చూసింది ఒకటి చెప్పేవారు. ఇంకొకరు ఊ కొట్టేవారు. చెప్పడం అయ్యేసరికి జ్వరం దిగేది. చిన్న సంగతికి ఒక డిగ్రీ, పెద్ద సంగతికి మూడు నాలుగు. దాని పద్ధతి వీధిలో అందరికీ తెలుసు, కొళాయి నీళ్ళు ఏ వేళకొస్తాయో తెలిసినట్టే. ఒకరి నోట విన్నది చెబితే పనిచేయదు. అబద్ధం కలిస్తే పనిచేయదు, అది అబద్ధమని చెప్పేవాడికి తెలియకపోయినా సరే. ఊ కొట్టడం మొదలుపెట్టినవాళ్ళే చివరిదాకా కొట్టాలి, మధ్యలో ఆగితే అంతా దండగ. ఇక జ్వరం దిగాక, చెప్పినవాళ్ళకు ఆ సంగతి మళ్ళీ గుర్తుకు రాదు.

సైకిల్ షాపు ఆయన ఒకసారి తమ్ముడి జ్వరానికి, డాక్టర్ గారికి తనమీద ఎంత అభిమానమో గంటసేపు చెప్పాడు. పాదరసం వెంట్రుకవాసి కదల్లేదు. ఆ రోజు నుంచి వీధిలో ఎవడు గొప్పలకు పోయినా, ఏదీ, థర్మామీటర్ పెట్టుకుని చెప్పు అనడం మామూలైపోయింది.

మొదటి ఏడాది జనం ధారాళంగా వాడేశారు. స్టెతస్కోపు చల్లగా తగులుతుందని దాన్ని అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి గానీ పిల్లల ఛాతీ మీద పెట్టేవాడు కాదని ఒకరు చెప్పారు. నాడి పట్టుకుని అలాగే కూర్చుని నిద్రపోయాడని, నిద్రలో కూడా వేలు తియ్యలేదని ఒకరు చెప్పారు. ఒక కాలికి నల్లచెప్పు, ఒక కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చాడని ఒకరు చెప్పారు. పంటి నొప్పికీ, తలనొప్పికీ కూడా ఖర్చుపెట్టినవాళ్ళున్నారు. డాక్టర్ గారి భార్య అయితే లెక్కే చూడలేదు. పిలిచిన ఇంటికల్లా వెళ్ళి, నలభై ఏళ్ళ కాపురాన్ని వీధిలో జ్వరాలకు పంచిపెట్టి వచ్చింది.

అందరికంటే ఎక్కువ ఇచ్చింది కాంపౌండర్. ముప్ఫై ఏళ్ళు డాక్టర్ గారి పక్కన నిలబడ్డవాడు. తోడేకొద్దీ ఊరే చెలమ అనుకున్నారు అతన్ని. అతనూ అలాగే అనుకున్నాడు. రెండో ఏడు వానలు తగ్గేసరికి చెలమ అడుగు కనబడింది.

అప్పుడు అతని మనవరాలు జ్వరంతో మంచం పట్టింది.

ఏడేళ్ళ పిల్ల. పెద్దాసుపత్రిలో మూడు రోజులు చూశారు. నాలుగో రోజు ఒకాయన కాగితాలు చేతిలో పెట్టి, ఇంటికి తీసుకెళ్ళండి, దగ్గర ఉండండి అన్నాడు. దగ్గర ఉండండి అంటే ఏమిటో కాంపౌండర్‌కు తెలుసు. ఆ మాట ఎంత మెల్లగా అనాలో ఎన్నో ఇళ్ళలో చూసినవాడు. కొడుకు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు, కబురు పంపారు గాని రెండు రోజులైనా పడుతుంది. పిల్ల తల్లి మంచం పట్టె మీద కూర్చుని తడిగుడ్డ మారుస్తోంది. గుడ్డ వేసిన కాసేపటికే ఆరిపోతోంది. నూట అయిదు.

"మామయ్యా, ఊరందరికీ పంచారు. ఇంట్లో పిల్ల కోసం ఒక్కటి కూడా దాచలేదా?" అంది కోడలు. దెప్పుతున్నట్టు కాదు, డబ్బా అడుగు గీరి చూస్తున్నట్టు అడిగింది.

"లేదమ్మా," అన్నాడు కాంపౌండర్.

ఒకటి ఉంది. డాక్టర్ గారి ముఖం అతనికి ఇప్పుడు ఆ ఒక్క రోజులోనే కనిపిస్తుంది. మిగతా ముప్ఫై ఏళ్ళలో ఆయన తెల్లచొక్కా కూడా లేదు. కాని అది చెప్పాలంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. పిల్లకు ఊ అనే ఓపిక లేదు. కోడలు ఊ కొట్టిందంటే, తాను కాజాలు కుట్టడానికి వెళ్ళే టైలరమ్మకు చెప్పకుండా ఉండలేదు. టైలరమ్మ వినకూడని సంగతి అది. పద్దెనిమిదేళ్ళుగా అతను ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళడం మానేసి చుట్టు తిరిగి పోతున్నాడు. ఇంకెవరి దగ్గరైనా ఒక్కటి మిగిలి ఉండకపోతుందా అనుకుని, చొక్కా తొడుక్కుని ఎండలో బయలుదేరాడు.

సైకిల్ షాపు ఆయన చేతిలో పని వదిలేసి ఎదురొచ్చాడు. ఎంత వెతుక్కున్నా ఆయనకు డాక్టర్ గారి సైకిలే గుర్తుంది గాని, దానిమీది మనిషి గుర్తులేడు. ముందు బ్రేకు పట్టేది కాదు, గంట మోగేది కాదు, కావాలంటే వచ్చి అదైనా చెబుతానన్నాడు. హాస్యానికి కాదు. కళ్ళలో నీళ్ళు పెట్టుకునే అన్నాడు.

ఎనిమిది ఇళ్ళు తిరిగాడు. అందరూ గుమ్మంలోకి వచ్చారు, అందరూ తల వంచుకున్నారు. డాక్టర్ గారు దేవుడని అందరికీ తెలుసు. ఎలా తెలుసో ఎవరికీ తెలియదు.

చివరికి డాక్టర్ గారి ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. సంగతి విని లోపలికి వెళ్ళి గోడ మీది ఫోటో దించి తెచ్చింది. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కళ్ళు మంచివి," అంది. "నా పక్కన ఎందుకు కూర్చున్నాడో మాత్రం రావడం లేదయ్యా. మూడు రోజుల నుంచి చూస్తున్నాను."

కాంపౌండర్ నీళ్ళు తాగలేదు. గ్లాసు కింద పెట్టి ఇంటిదారి పట్టాడు. ఇక చేసేదేమీ లేదు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో వీధి మొత్తం తలుపులు వేసుకుని ఉంది.

ఇంటి గుమ్మంలో పరాయి చెప్పులు కనబడ్డాయి. లోపల స్టూలు మీద టైలరమ్మ కూర్చుని ఉంది, మెడలో కొలత టేపు తియ్యకుండానే. కోడలే కబురు పెట్టింది. డాక్టర్ గారి సంగతి ఒక్కటి కూడా ఇంతవరకూ ఎవరికీ ఇవ్వని మనిషి వీధిలో ఆవిడ ఒక్కతే. ఆవిడ దగ్గర ఉన్నది మంచి సంగతి కాదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. చెడ్డది చెబితే జ్వరం ఎక్కువవుతుందేమోనని భయం కూడా.

"చెప్పనా వద్దా అని దారంతా అనుకుంటూ వచ్చాను," అంది టైలరమ్మ కోడలితో. "పిల్లను చూశాక వద్దనే ధైర్యం లేదు. ఊ కొట్టు."

"ఊఁ," అంది కోడలు.

"మావాడికి నాలుగేళ్ళు. దగ్గు పట్టుకుంది. డాక్టర్ సీసాలో మందిచ్చాడు. సీసాకి కాగితం చీటీ, దానికి గాట్లు. ఒక గాటు దాకా ఒక పూటకి. గాటు గాటుకీ సరిగ్గా పోశాను. బట్ట కొలిచే చెయ్యి, తేడా రానివ్వను. రెండో రోజు పొద్దున వాడు లేవలేదు."

"ఊఁ."

"డాక్టర్ వచ్చాడు. సీసా చూశాడు. మందు నేనే ఎక్కువ రాశానమ్మా, తప్పు నాదే అన్నాడు. చొక్కా పట్టుకుని గుంజాను. గుండీలు ఊడొచ్చాయి. విడిపించుకోలేదు. అదే నాకు తెలిసిన డాక్టర్. ఇంకోడు తెలియదు."

"ఊఁ," అంది కోడలు, థర్మామీటర్ తీసి వెలుగులో పట్టుకుంది. నూట అయిదు. ఇంకాస్త పైకే.

టైలరమ్మ దాన్ని లాక్కుని తానే చూసింది. ముఖం ఎర్రబడింది. పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే లేచి చూసుకునే రోజు అది. తనకు గుర్తున్న దాంట్లో అబద్ధం ఎక్కడుంది? ఏ ముక్క అబద్ధం? కోడలు, పోనీలే అక్కా, నువ్వు వచ్చావు, అదే చాలు అంటూ పిల్ల కాళ్ళ మీద తల వాల్చేసింది. పిల్ల ఊపిరి కీచుమంటోంది, ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు పెరుగుతోంది.

కాంపౌండర్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. కూర్చోలేదు.

"డాక్టర్ గారు ఎక్కువ రాయలేదు," అన్నాడు.

టైలరమ్మ అతని వైపు తిరిగి, "ఊఁ?" అంది. అడగడానికే అంది. కాని అన్నది అన్నదే. వినడం ఆవిడ వంతయింది.

"సరిగ్గానే రాశారు. ఎనిమిది పూటల మందు."

"ఊఁ."

"చీటీలు కత్తిరించేది నేను. ఏ సీసాకి ఆ సీసా చూసి కత్తిరించు అని ఎన్నోసార్లు చెప్పారు. నాకు తొందర. పొద్దున్నే అన్నీ మడిచి కత్తిరించి, కట్టలు కట్టి పెట్టుకునేవాణ్ణి. నాలుగు గాట్లవి ఒక కట్ట, ఎనిమిదివి ఒక కట్ట."

"ఊఁ."

"మీ సీసాకి నాలుగు గాట్ల చీటీ అంటించాను. పూటకి రెండు పూటల మందు పడింది."

టైలరమ్మ ఊ అనలేదు.

గోడ అవతల ఎవరో బకెట్టు కడుగుతున్న చప్పుడు. కోడలు తలెత్తి మామగారిని చూసింది, టైలరమ్మను చూసింది. అక్కా అనబోయి అనలేకపోయింది. ఏ నోటితో అడగాలి? పిల్ల ఒకసారి ఊపిరి తీసింది. రెండోది రావాల్సిన చోట రాలేదు. కాంపౌండర్ ఏమీ అడగకుండా చేతులు వేలాడేసి నిలబడ్డాడు.

టైలరమ్మ పెదవులు గట్టిగా మూసుకుని మంచం మీదికి చూసింది. పిల్ల నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పాలపళ్ళు ఊడిన సందు కనబడుతోంది. ఆవిడ కొడుకు పళ్ళు ఊడేదాకా బతకలేదు.

"ఊఁ," అంది. దారం పంటితో తెంపినట్టుంది ఆ మాట.

పిల్ల ఊపిరి తీసింది.

"మీ ఇంట్లో సీసా చూడగానే డాక్టర్ గారికి తెలిసిపోయింది. చీటీ చింపి జేబులో వేసుకున్నారు. నేను నోరు తెరవబోయాను. నీకు బడికెళ్ళే పిల్లాడున్నాడు, నన్నైతే ఈ వీధి క్షమిస్తుంది, నిన్ను బతకనివ్వదు, నోరు మూసుకో అన్నారు. మూసుకున్నాను."

"ఊఁ."

"మీరు ఆయన చొక్కా పట్టుకున్నప్పుడు వెనకాలే ఉన్నాను. ఆయన సంచీ పట్టుకుని నిలబడ్డాను. గుండీలు ఏరింది నేనే."

"ఊఁ."

"అంతేనమ్మా."

"ఊఁ," అంది టైలరమ్మ, చివరిసారి.

పిల్ల నుదుటి మీద చెమట పొడిచింది. మెడ మీద, చెవుల వెనక, జుట్టులో, బొట్లు బొట్లుగా దిగింది. దిండు తడిసింది. నూట మూడు, నూటొకటి, తొంభై ఎనిమిదిన్నర. కళ్ళు తెరిచి, అమ్మా దాహం అంది. కోడలు గ్లాసు అందుకోబోయి కింద పడేసింది.

కాంపౌండర్ తన చెంపలు తడిమి చూసుకుని తడెందుకో తెలియక పైపంచెతో తుడుచుకున్నాడు. పిల్ల నాడి పట్టుకుని, నవ్వి, అప్పుడు పక్కకు చూశాడు.

"అరె, టైలరమ్మ గారా? నిలబడే ఉన్నారేం తల్లీ, కూర్చోండి. ఎంతసేపైంది వచ్చి?"

టైలరమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు. చెయ్యి సగం లేచి ఉంది, అతని చొక్కా అందేంత దూరంలో. అతని ముఖంలోకి చూసింది. ఆ పని చేసినవాడి కోసం వెతికింది. అక్కడ మనవరాలు బతికిందని సంతోషిస్తున్న ముసలాయన తప్ప ఎవరూ లేరు. చెయ్యి దించి, టేపు చివరలు రెండూ పట్టుకుంది.

"ఇప్పుడే వచ్చాను," అంది.

"పిల్ల గట్టెక్కింది. డాక్టర్ గారి సంగతి ఎవరి దగ్గరో మిగిలే ఉందన్నమాట. ఎవరో గాని చల్లగా ఉండాలి," అన్నాడు కాంపౌండర్. తర్వాత గొంతు తగ్గించి, కొంచెం సిగ్గుపడుతూ, "ముప్ఫై ఏళ్ళు ఆయన దగ్గర చేశానట. ముఖం కూడా రావడం లేదు. మీరు ఎరుగుదురా ఆయన్ని?" అన్నాడు.

కోడలు కింద నీళ్ళు తుడుస్తూ ఆగిపోయింది.

"ఎరుగుదును," అంది టైలరమ్మ.

"ఎలాంటివాడు?"

వీధి మొత్తం మీద ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే మిగిలింది. గుమ్మం దాకా నడిచి, గోడ పట్టుకుని ఒక కాలికి, తర్వాత రెండో కాలికి చెప్పు వేసుకుంది.

"మంచివాడే," అంది వెనక్కి తిరక్కుండా. "అబద్ధాలకోరు."