కమిటీ నేర్పిన మాట

కత్తెర వేలిని కోసింది. నవనీత రక్తాన్ని కొంగుకు తుడుచుకుని మళ్లీ తునికాకు అందుకుంది. పొద్దున్నుంచీ ఆమె చుట్టిన బీడీలన్నీ వదులే. నిన్న కార్ఖానా గుమాస్తా ఆమె కట్టలు పనికిరావని పక్కకు తోశాడు. వినోద కట్టల్ని మాత్రం ముట్టి చూడకుండానే తీసుకున్నాడు.

వినోద చురుకైన వేళ్లు, వినోద జడ, మొగుడు పోయినా వంగని ఆ మెడ, అన్నీ నవనీత కంట్లో నలుసులే. సోమవారం చూసింది మాత్రం నలుసు కాదు, ముల్లు. తన మొగుడు కైలాసం బండి వెనక సీటు మీద కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వినోద ఊరి బయటే దిగింది. ఎటు పోయినవని అడిగితే, మోటరు సామాన్లకు పెద్దపల్లి పోయినన్నాడు కైలాసం.

ఆ అబద్ధం విన్నాక ఆమెకు అన్నం దిగలేదు. తిన్నగా గ్రామాభివృద్ధి కమిటీకి పోయి చెప్పింది. ఆ ఊళ్లో పోలీసుల కంటే ముందు గుర్తొచ్చేది కమిటీయే. అది తప్పు మోపి డప్పుతో చాటింపు వేయిస్తే ఆ ఇంటికి ఎవరూ సరుకులు అమ్మరు, పనికి పిలవరు. పలకరించినవాళ్లకూ జుర్మానాయే.

కమిటీ పెద్ద సుదర్శన్‌రావు అంతా ఆత్రంగా విన్నాడు. "కలిసి తిరుగుతుండ్రంటే నడువదు. ఇల్లిసిట్ రిలేషన్ అని పదిమంది ముంగట చెప్పు. అది ఊరిడిచి పోతది," అన్నాడు.

ఈ సాయంత్రమే పంచాయితీ. పోతూపోతూ నవనీత సామ్యూల్ ఇంటి ముందు ఆగింది. అతని బిడ్డ షారోన్ బడిలో ఇంగ్లిషు చెబుతుంది. నల్లా దగ్గర నీళ్లు పడుతున్న ఆమెను ఆ ఇంగ్లిషు మాటకు అర్థమేమిటని అడిగింది.

అక్రమం అని అర్థమనీ, పేపర్లవాళ్లు సంబంధాలకూ సారాకూ ఇసుకకూ అదే తగిలిస్తారనీ చెప్పింది షారోన్. "పుట్టింది లాటిన్‌ల అక్కా. అనుమతున్నదనే మాటకు ముంగట 'లేదు' తగిలిచ్చిండ్రు. లైసెన్సు గూడ గా కడుపులనే పుట్టింది."

ఆ మాట నవనీతకెందుకని ఆరా తీసి, సంగతి విన్నాక షారోన్ బిందె కింద పెట్టేసింది. ఊళ్లో లైసెన్సు లేకుండా మందు అమ్మే బెల్టు షాపును ఏటా వేలం వేసేది కమిటీయే. వినోద మొగుడు అక్కడే తాగి తాగి పోయాడు. ఆ షాపు మీద కలెక్టరేటులో అర్జీ ఇవ్వడానికే వినోద సోమవారం కరీంనగర్ పోయిందని చెప్పింది.

"అర్జీ నేనే రాసిన. దాంట్ల గూడ గదే మాట. బస్సెక్కితె కమిటోళ్లు చూస్తరని కైలాసమన్న బండి మీద తీస్కపోయిండు. నీకు చెప్తె పరేషాన్ అయితవని చెప్పలేదట."

"నాకు చెప్పలే. దాన్ని బండెక్కిచ్చుకున్నడు," అంది నవనీత. ముల్లు ఊడలేదు. ఇంకా లోపలికి దిగింది.

కమిటీ అరుగు ముందు డప్పు నిప్పుల మీద కాగుతోంది. వినోద ఒక్కతే నిలబడి ఉంది, మెడ వంచకుండానే. ఆ మెడను చూస్తూనే నవనీత అరుగు ఎక్కింది. ఒక్క మాట అంటే చాలు, రేపటి నుంచి ఆ మెడ ఈ ఊళ్లో కనబడదు.

"చెప్పవమ్మా," అన్నాడు సుదర్శన్‌రావు నవ్వుతూ.

"దొరా, గా మాటకు అనుమతి లేదని అర్థమట. బెల్టు షాపు వేలం పెట్టనీకి మీకెవరిచ్చిండ్రు అనుమతి?"

ఎవరో దగ్గారు. సుదర్శన్‌రావు నవ్వు ఆగిపోయింది. "నీ మొగని సంగతి చెప్పుమంటే..."

"నా మొగన్ని నేను ఇంట్ల అడుగుత. ఈడ చెప్ప."

"అయితె డప్పు నీ ఇంటి మీద కొట్టియ్యాల్నా?"

నవనీత అరుగు దిగింది. వినోద వైపు చూడలేదు. రోడ్డు మీద కైలాసం బండితో ఎదురు చూస్తున్నాడు. నవనీత వెనక సీటును కొంగుతో గట్టిగా, అరిగిపోయేలా తుడిచింది. కానీ ఎక్కలేదు. నడక సాగించింది.

వెనక డప్పు మీద మొదటి దెబ్బ పడింది.