దేముడు మావ ఏడ్చిన సీను

జోగమ్మ అత్త నన్ను అప్పటికే గుమ్మంలోంచి వెనక్కి పంపేసింది, ఒకసారి కాదు. మళ్లీ ఝపటాపూర్‌లో బ్యాటరీ రిక్షా టోటో ఎక్కి మలంచాలోని వాళ్లింటికి వెళ్తూ, ఈసారీ తలుపేసేస్తే ఈ సినిమా గొడవ ఇక నాకొద్దని గట్టిగానే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటే.

నేను కాలేజీలో పాఠాలు చెబుతూ నాటకాల మీద పరిశోధన చేస్తాను. మగవాళ్లు ఆడవేషాలు ఎలా కట్టారు, ఆ నాటకాలు తెరకెక్కినప్పుడు ఆ వేషాలు ఏమైపోయాయి అన్నది నా విషయం. గోరంతను కొండంత చేసి సెమినార్లలో చదవడం మా వృత్తి. నాకు దొరికిన గోరంత జోగమ్మ అత్త భర్త దేముడు మావ. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఏడాదంతా ఇనుముతో కుస్తీ, ఉగాదికి మాత్రం తెలుగువాళ్ల నాటకంలో తల్లి వేషం. మా నాన్న విల్‌ఫ్రెడ్ ఆయనకి హార్మోనియం వాయించేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

నాటకం చివర్లో తల్లికి బిడ్డ చచ్చిపోతుంది. ఆమె నేలమీద పడి ఏడవాలని రాసి ఉంది. మావ అంతటితో ఆపేవాడు కాదు. కాసేపు పడి ఏడ్చి, లేచి, చేతుల్లో బిడ్డ ఉన్నట్టు పట్టుకుని స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని బిడ్డను పడుకోబెట్టి, పైట కప్పి, అరచేత్తో మెల్లగా తట్టేవాడు. అది ఉయ్యాలనీ, ఆయన జోకొడుతున్నాడనీ, చావును ఒప్పుకోని తల్లితనాన్ని భార్యను చూసి నేర్చుకున్నాడనీ నేను రాశాను. అందరూ మెచ్చుకున్నారు. సుందర్ రాజు అనే కుర్ర దర్శకుడు అది చదివి సినిమా మొదలుపెట్టాడు. తల్లి వేషం ఒక నటికి ఇచ్చి, నిజం ఉయ్యాల ఒకటి చేయించాడు. మగవాడు చీర కట్టుకుని ఏడిస్తే జనం నవ్వుతారన్నాడు. పోట్లాడి ఓడిపోయాను. తీరా షూటింగ్ అంతా అయ్యాక, మావ ఇంటివాళ్ల చేత సరేననిపించమని నన్ను ముందుకు తోశాడు.

అత్త ససేమిరా అంది. ఎందుకో మా వాళ్లందరికీ తెలుసు. ఆ నాటకం మొదటిసారి ఆడేనాటికి వాళ్ల మూడేళ్ల పాప జ్వరంతో పోయి ఏడాదైనా కాలేదు. చూడ్డానికి మనసొప్పక అత్త ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు పక్క క్వార్టర్ల ఆడవాళ్లొచ్చి, మీ ఆయన అచ్చం నీలాగే ఏడ్చాడని పొగిడారు. పొగడ్డానికి వాళ్లకి వేరే మాటే దొరకలేదు కాబోలు. తన కడుపుకోతను మొగుడు చప్పట్లకి అమ్ముకున్నాడని అత్తకి ఆరోజే తోచింది. వేషానికి చీరలు కాలనీ ఆడవాళ్లే ఇవ్వడం ఆనవాయితీ. ఆ తర్వాత అత్త పెట్టెలోంచి ఒక్క చీరా బయటికి రాలేదు. ఆ సీను ఆమె ఒక్కసారైనా చూడలేదు.

ఆరోజు తిట్టడానికి ఓపిక లేకపోయిందేమో, లోపలికి రానిచ్చి టీ ఇచ్చింది.

"ఆ ఏడుపు నాది రెబెక్కమ్మా," అంది. "మీ మావ ఉన్నన్నాళ్లూ ఆయన అమ్ముకున్నాడు. ఇప్పుడు మీరు అమ్ముతారేటి?"

నాకూ ముక్కుమీదే ఉంటుంది కోపం. చూడకుండా ఎందుకు తిట్టడం, చూసి అప్పుడు వద్దను అన్నాను. పాత వీడియో క్యాసెట్ నుంచి ఎక్కించుకున్న నాటకం ఫోన్‌లో పెట్టి చేతికిచ్చాను.

మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. మావ లేచి నడుస్తుంటే ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది నాను కాదు. నాను లెగనేదు. నన్ను లెగనియ్యకండా అందరూ పట్టేసుకున్నారు."

మరి ఈ నడక ఎవరిని చూసి నేర్చుకున్నాడని అడిగాను. ఎక్కడైనా ప్రశ్న వెయ్యకుండా ఉండలేని జాతి మాది. ఫోన్‌లో మావ వంగి, బిడ్డను దింపి, పైట కప్పి, తట్టడం మొదలుపెట్టాడు.

"ఇది ఉయ్యాల కాదే అమ్మీ," అంది అత్త. "మట్టి."

మా క్రైస్తవుల ఇళ్లల్లో ఆడవాళ్లమూ సమాధి దాకా వెళ్తాం, తలా పిడికెడు మట్టి వేస్తాం. అత్త వాళ్లల్లో చిన్నపిల్లల్ని పూడ్చే పెడతారు గానీ, ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. కన్నతల్లయినా అంతే. ఇదంతా తెలిసి కూడా ఇన్నేళ్లలో నా బుర్రకి తట్టనేలేదు. పాపను చేతుల మీద మోసుకెళ్లింది మావే. తిరిగొచ్చాక ఆయన కంట చుక్క నీరు రాలలేదట. మర్నాడు వర్క్‌షాపు సైరన్ మోగగానే డ్యూటీకి వెళ్లిపోయాడు. పిల్లను ఎలా పడుకోబెట్టావు, మొహం ఎటు పెట్టావు అని అత్త ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. రాతిగుండె అని అత్త ఆ ఆశే వదిలేసుకుంది. ప్యాంటూ చొక్కాలో చెప్పుకోలేనిదాన్ని ఆ మనిషి ఏటేటా చీర కట్టుకుని చెప్పాడు. వినాల్సిన మనిషి ఒక్కతే ఆ సభలో లేదు.

నాకు ఏడుపు ఆగలేదు. సినిమా మాట నేను మళ్లీ ఎత్తలేదు. అందులో ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది, దాన్ని అక్కడ పెట్టించింది నా రాతే. అత్తకి ఆ ధ్యాసే లేదు. మళ్లీ పెట్టమంది, పెట్టాను. పైట కప్పే చోట ఆపమంది.

"మొకం మీద కప్పినాడు సూడు," అంది, వేలితో తెర మీద చూపిస్తూ. "ముందు మొకం కప్పినాడు, అప్పుడే మట్టి ఏసినాడు. నా తల్లి కళ్లల్లో మట్టి పడిపోనాదేమోనని ఇన్నేళ్లూ..."