పెట్టె మీది చిన్న దీపం

స్వరపేటిక తీసివేయక తప్పదని వైద్యులు తేల్చాక కూడా అక్క తన గొంతును రికార్డు చేసుకోవడాన్ని వాయిదా వేస్తూనే వచ్చింది. మాటలను దాచుకోవడమంటే అవి పోతాయని ఒప్పుకోవడమేనని ఆమె బాధ. చివరికి ఆసుపత్రిలో చేరవలసిన ఉదయం తలుపు వేసుకొని, కంప్యూటరుకు తగిలించిన మైకు ముందు కూర్చుంది. కూతుర్ని నిద్ర లేపే పిలుపు, జడ వేస్తూ చెప్పే కబుర్లు, కథలు, గద్దింపులు, అన్నీ ఏకబిగిన చెప్పేసి బయటికి వచ్చింది.

"మీ బావకి తిట్లు కూడా పెట్టాన్రా. లేకపోతే మనిషి పాడైపోతాడు," అంది బొంగురుగా.

"తిట్లకి వేరే డిస్కు కొనాలేమో," అన్నాడు బావ.

అక్క నవ్వింది. ఆ నవ్వు రికార్డు కాలేదు.

నేను సంచులు పట్టుకొని అక్కతో కిందికి దిగాను. కంప్యూటరు ఆపేసి వస్తానని బావ వెనక్కి వెళ్ళాడు.

అక్క మెడకు కట్టుతో ఇంటికి వచ్చిన మర్నాడు, ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది నేనే కనుక, ఆ రికార్డు వినిపించమని నన్నే ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అది లేస్తూనే డిస్కును ఒకసారి తనిఖీ చేసుకొని, అంతా సక్రమంగా ఉందని చెప్పింది. పాప ముద్దుపేరుతో అక్క పెట్టిన ఫైలు కనిపించింది. దాని పరిమాణం సున్నా.

భద్రపరచమని నొక్కినంత మాత్రాన మాట డిస్కును చేరదు. యంత్రం దాన్ని కాసేపు తన తాత్కాలిక జ్ఞాపకంలో పట్టి ఉంచుతుంది. ఆపమన్నప్పుడు మిగిలినదంతా డిస్కులోకి దింపుకుంటుంది. తెర నల్లబడ్డాక కూడా ఆ పని సాగవచ్చు. కంప్యూటరు పెట్టె మీది చిన్న దీపం మిణుకుమన్నంతసేపూ అది పూర్తి కానట్టే. నడుమ కరెంటు తెగితే, మళ్ళీ లేచినప్పుడు సగంలో ఆగిన రాతను కొట్టివేసి తక్కినదాన్ని చక్కబెట్టుకుంటుంది. అంతా సక్రమమేనన్నది అబద్ధం కాదు. పోయినదాని ఊసు ఎత్తదు, అంతే.

"ఏమైందిరా?" అన్నాడు బావ.

"ఫైలు ఖాళీగా ఉంది బావా."

"ఆ రోజు కింద కారు డ్రైవరు ఒకటే హారన్ కొడుతుంటే గోడ దగ్గర స్విచ్ కట్టేశాను. తెర నల్లగా అయ్యాకేరా."

"దానికీ దీనికీ సంబంధం లేదు. డిస్కు పాతది. ఎప్పుడో పోవాల్సింది."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నప్పటి నుంచి నా అబద్ధాలన్నీ పట్టుకున్నది ఆమే. ఈసారి నా వైపు చూసి ఊరుకుంది. వచ్చి బావ భుజం మీద చెయ్యి వేసి, పెదవులు కదిపింది. ఏదో తిట్టే అయి ఉండాలి. బావ నవ్వబోయి ముఖం తిప్పుకున్నాడు.

కంప్యూటరును ఆపమని నొక్కాను. తెర నల్లబడింది. అలవాటుగా స్విచ్ మీదికి వెళ్ళిన బావ చెయ్యి అక్కడే ఆగింది. పెట్టె మీది దీపం ఇంకా మిణుకుమంటోంది.

"ఆ రోజు కూడా ఇది ఇలాగే వెలుగుతోందిరా," అన్నాడు.

దీపం ఆరిపోయింది. ఆరిన తర్వాత కూడా బావ స్విచ్ ముట్టుకోలేదు.