జోడుచిలకల కైలీ

గొంగడిముక్కకు నీలిరంగు పట్టించి, చెక్క అచ్చును దానిమీద అద్ది, కైలీ లుంగీ మూలన ఆనించి, అప్పాసామి అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. అచ్చు ఎత్తేసరికి ఎదురెదురుగా రెండు చిలకలు, నడుమ తమలపాకు, కింద ఆ సంవత్సరం పేరు. ఉఫ్‌మని ఊదాడు. పక్కన పెట్టాడు. ఇంకోటి లాక్కున్నాడు.

గుడియాత్తంలో వరదరాజులు చెట్టి కొట్టులో పెళ్లికి ముందునుంచీ ఆయన పని ఇదే. ఏళ్ల తరబడి గోళ్లలోకి దిగిన నీలం ఏ పండగ తలంటుకూ వదల్లేదు. కుడిభుజం కండ కట్టి, ఎడమభుజం వాలిపోయి, వెనకనుంచి చూస్తే ఇద్దరు మనుషుల్ని అతికించినట్టుండేవాడు. కొలంబోలో చదువురానివాళ్లు కూడా ఆ చిలకల్ని చూసే కైలీ కొంటారని చెట్టి చెప్పగా విన్నాడు. కొలంబో ఏ దిక్కునుందో మాత్రం అడగలేదు.

ఆ పొద్దు చెట్టి వేలూరు వకీలు రాఘవన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. వకీలు ఒక కాగితం చూపించాడు. దానిమీదా జోడుచిలకలే, తమలపాకు బదులు మామిడిపిందె. వేలూరు వ్యాపారి ఒకడు ఆ గుర్తు తన పేర రాయించుకోడానికి బొంబాయి ఆఫీసులో అర్జీ పెట్టాడట.

"ఇవి నీ చిలకలేనా, చూడు" అన్నాడు చెట్టి.

"నావి ఆకు నమిలేవి సామీ, ఇవి కాయ కొరికేవి. సంతలో అంత దగ్గరగా యాడ చూస్తారు? ఇవీ అవీ ఒకటే అనుకోని కొనేస్తారు."

వకీలు నవ్వాడు. "నేను రాసేదీ అదే. అయితే మన గుర్తే ముందుదని చూపించాల. ముద్రా, దానికింద సంవత్సరం పేరూ చెదరని పాత కైలీ ఒకటి కావాల."

పాత సరుకెక్కడిది? కొన్నవాళ్లు కట్టి ఉతికేశారు. నీళ్లు తగిలితే ముద్ర నిలవదు.

మగ్గమోళ్ల ఇళ్లలో ఒక వాడుకుంది. కొత్త మగ్గం దిగిన తొలిగుడ్డను అమ్మరు. కులదేవత చౌడమ్మ ముందు పెట్టి, తడి తగలకుండా దాస్తారు. అప్పాసామి భార్య అమరావతి నేసిన అలాంటి కైలీ ఒకటి ఆయన పెట్టెలో ఉంది. ఎప్పుడో రాక్షస నామ సంవత్సరంలో ఆయనే ముచ్చటపడి దానికి ముద్ర వేశాడు. ఆమె పోయినాక కోడలు రాజాంబాళ్‌కు ఒకే మాట చెప్పాడు: "నేను పోతే ఇదే కప్పండమ్మా."

చెట్టికి ఆ సంగతి తెలుసు. అడగలేక వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.

"మళ్లా ఇస్తారా సామీ?" అన్నాడు అప్పాసామి.

"ఇస్తారు పెద్దాయనా. ఎప్పుడనేది నా చేతిలో లేదు" అన్నాడు వకీలు.

చేతుల రంగైనా తుడుచుకోకుండా అప్పాసామి ఇంటికి పోయి పెట్టె తెరిచాడు. రాజాంబాళ్ అడ్డం వచ్చింది.

"అత్త చేత్తో నేసింది మామా! చెట్టి చిలకల కోసరం ఇచ్చేస్తావా?"

"చెట్టివి ఎట్లయితాయి? అవి పోతే, ఇన్నాళ్లూ నేనేం చేసినట్టు?" కైలీని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మీ అత్త గుడియాత్తం దాటి ఎరగదు. బొంబాయి చూసి రానీలే."

కైలీని వకీలు చేతికిచ్చి, పొద్దుగూకేదాకా మిగిలిన కట్టకు ముద్రలు వేశాడు. ఇంటికొచ్చి గంజి తాగి అరుగుమీద పడుకున్నాడు. తెల్లారి కోడలు పిలిస్తే పలకలేదు.

చెట్టి కొట్టునుంచి కొత్త కైలీ తెచ్చి కప్పాడు. దానికింకా ముద్ర పడలేదు.

బొంబాయి ఆఫీసులో చెట్టి అభ్యంతరం నెగ్గింది. వేలూరు వ్యాపారి అర్జీ కొట్టేశారు. ఆ కబురుతో పాటు కైలీ తిరిగొచ్చేసరికి అప్పాసామి పోయి ఏడాది తిరిగి, ఏడూడి కూడా అయిపోయింది. రాజాంబాళ్ దాన్ని చౌడమ్మ ముందు పెట్టి మడత విప్పింది. వెలిసిన రెండు చిలకల పక్కన, నిన్ననే పడినట్టు, నీలిరంగు బొటనవేలి గుర్తు.