ఎనభై సెంటీమీటర్ల పట్టు

ఏడోసారి గీసి పంపిన డ్రాయింగు కూడా తిరిగొచ్చింది. మూలన ఎర్ర సిరాతో ఒకటే ముక్క: "వెనక దారి 52 ఉంది. 80 కావాలి." కింద త్రెస్నా సంతకం, ఎప్పటిలాగే గుండ్రంగా, తీరుబడిగా.

రెంగనిస్ కాగితాన్ని బల్ల మీద పడేసి కళ్ళజోడు తీసింది.

"ఈవిడ నన్ను బతకనివ్వదు మాంగ్! ఎనభై ఎక్కణ్ణించి తేను? మా పెరట్లో తవ్వి తేనా?"

ఎదురుగా అరటాకు విప్పుకుని అన్నంలో ఎండుచేప నంజుకుంటున్న మాంగ్ కొసాసి తలెత్తలేదు. అరవై దాటిన ఫిట్టరు. ఆమె ఈ వర్క్‌షాపులో చేరిన రోజు నుంచీ ఆమెకి ఆయన మాంగ్, అంటే బాబాయి; ఆయనకి ఆమె నెంగ్, అంటే అమ్మాయి.

"ఆ గదిలో స్తంభానికి చక్రాలు పెట్టు నెంగ్. ఆవిడొచ్చినప్పుడల్లా పక్కకి తోసేద్దాం."

మామూలుగా అయితే నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు.

ఇండోనేషియాలో, బాండుంగ్ నగర శివార్లలో వాళ్ళది చిన్న వర్క్‌షాపు. మందుల ఫ్యాక్టరీలకి యంత్రాలు చేసిస్తారు. యజమాని పాక్ హెందర్మన్‌కి "కుదరదు" అనే మాట పుట్టుకతోనే రాలేదు. పదలారంగ్‌లో ఓ దగ్గుమందు ఫ్యాక్టరీ వాళ్ళు సీసాకి మూత బిగించి, లేబులు అంటించి, అట్టపెట్టెలో పెట్టే యంత్రం కావాలని అడిగితే, గది కూడా చూడకుండా తలూపి వచ్చాడు. తలూపడం ఆయన పని, తల పగలగొట్టుకోవడం రెంగనిస్ పని. పదకొండేళ్ళుగా అలాగే నడుస్తోంది.

పాతకాలపు భవనం అది. కాగితం మీద ఆ గది వెడల్పు మూడు మీటర్ల పది. ఆమె వెళ్ళి టేపు పెడితే సరిగ్గా మూడు. తర్వాతి నెల గోడలు కడుక్కోవడానికి వీలుగా నున్నటి పలకలు తాపించారు. అవి ఇంకో పది సెంటీమీటర్లు మింగేశాయి. ఆపైన దుమ్ము నిలవకుండా నేలా గోడా కలిసే మూలలన్నీ గుండ్రంగా పూయించారు, సరిగ్గా యంత్రం కాళ్ళు ఆనాల్సిన చోట. గదిలో ఒక స్తంభం. పైకి చేర్చే లిఫ్టు తలుపు మీటరే. అందుకని యంత్రాన్ని మూడు ముక్కలు చేసింది, కాళ్ళు లోపలికి జరిపింది, స్తంభం తగలకుండా నడుం దగ్గర కోసింది. అన్నీ ఓర్చుకుంది. కానీ యంత్రం చుట్టూ మనిషి తుడుచుకుంటూ నడవడానికి ఎనభై సెంటీమీటర్ల దారి కావాలంటుంది త్రెస్నా. ఆ ఫ్యాక్టరీలో నాణ్యత విభాగానికి పెద్ద ఆవిడ, అందరికీ 'బు త్రెస్నా', అంటే త్రెస్నాగారు. ఆవిడ సంతకం లేనిదే అక్కడ సీసా మూత కూడా కదలదు.

మర్నాడు పొద్దున్నే రెంగనిస్ తాడోపేడో తేల్చుకుందామని ఫ్యాక్టరీకి వెళ్ళింది.

"బు త్రెస్నా, ఈ ఎనభై ఏ రూల్లో ఉందో నాకు చూపించండి. ప్రభుత్వం వాళ్ళ పుస్తకం రెండుసార్లు తిరగేశాను. 'తగినంత స్థలం' అని ఉంది గానీ అంకె లేదు."

"లేదు," అంది త్రెస్నా నింపాదిగా.

"మరి?"

"పుస్తకంలో లేకపోతే లేదు. నాకు ఎనభై కావాలి."

"మీకు కావాలంటే గోడలు జరుగుతాయా అండీ?" గొంతు లేచిందని రెంగనిస్‌కే తెలిసింది. పక్కనున్న ప్రొడక్షన్ మేనేజరు గబుక్కున ఫోనులోకి తల దూర్చాడు.

"మీరు గొంతు పెంచితే గది పెరుగుతుందా?"

ఇక అక్కడ కూర్చుంటే ఏమంటుందో తనకే నమ్మకం లేక లేచింది. తెల్ల అంగీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ఆ గదిలోకే పోయింది, మళ్ళీ కొలవడానికి. కొలిస్తే పెరుగుతుందని కాదు. చేతులకి ఏదో ఒక పని కావాలి.

లోపల ఓ నడివయసు ఆవిడ నేల తుడుస్తోంది. అంగీ మీద ఇయార్ అని పేరు. రెంగనిస్ 'బీ' అని పిన్ని వరస కలిపింది.

"బీ ఇయార్, ఈ టేపు చివర కాస్త పట్టుకుంటారా?"

"పట్టుకుంటా గానీ, ఈ చేత్తో కాదమ్మా, ఇది గట్టిగా పట్టదు." కుడి చెయ్యి చూపించింది. చివరి రెండు వేళ్ళు లేవు.

రెంగనిస్ చేతిలో టేపు చప్పుడు చేస్తూ చుట్టుకుపోయింది.

"పాత యంత్రం వెనకాల," అంది ఇయార్, పక్కింటి వాళ్ళ సంగతి చెబుతున్నట్టు. "అప్పుడు ఇంతే సందు. తుడుపు కర్ర పట్టేది కాదు. చెయ్యి దూర్చి గుడ్డతో తుడిచేదాన్ని. యంత్రం ఆపారనుకున్నా. ఆపలేదు. గొలుసు లాగేసింది."

"ఎన్నాళ్ళయింది?"

"అయిదేళ్ళు. ఆస్పత్రి నుంచి వచ్చాక బు త్రెస్నా నన్ను ఈ గోడకి ఆనించి నిలబెట్టింది. చేతిలో కర్ర, పక్కన బకెట్టు. వంగమంది. లేవమంది. టేపు పెట్టి కొలిచి రాసుకుంది. ఎందుకని నేనడగలేదు. ఆ పాత యంత్రం పెట్టినప్పుడు బాగుందని సంతకం చేసింది తనేనట. ఇప్పటికీ నా మొహంలోకి సూటిగా చూడదు."

ఆ కొలత ఎంతొచ్చిందో రెంగనిస్ అడగక్కర్లేకపోయింది.

కోపం పోయిందనుకుంటే పొరపాటు. చోటు మార్చుకుందంతే. ఒక్క ముక్క ముందే చెబితే ఆవిడ సొమ్మేం పోయేది? రెండు నెలలు! ఏడు డ్రాయింగులు! పళ్ళు నూరుకుంటూ బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ వెనక దారిని ఎలా పెంచాలా అనే చూసింది. ఇప్పుడు మొదటిసారి, అసలు వెనక్కి మనిషి ఎందుకెళ్ళాలి అని ఆలోచించింది. అక్కడుండేవి మోటార్లు, గొలుసులు, నూనె. శుభ్రమైన గదిలో వాటికేం పని? వెనక అనేదే లేకపోతే?

లేచి గోడ మీద తట్టింది. డొల్లగా మోగింది. ఇటుక గోడ కాదు, మధ్యలో నిలబెట్టిన పలకలు.

"దీనికి అవతల ఏముంది బీ?"

"బు త్రెస్నా గది."

రెంగనిస్ పకపకా నవ్వింది. ఇయార్ భయపడి చూసింది.

పది నిమిషాల్లో మళ్ళీ త్రెస్నా ఎదురుగా నిలబడింది.

"మీ ఎనభై మీకిస్తాను. మీరు నాకు అరవై ఇవ్వాలి."

"ఎక్కడ?"

"మీ గదిలో. గోడ కోసి యంత్రాన్ని అందులో బిగిస్తాను. సీసాలు నడిచే ముఖం అటు. మోటార్లు, గొలుసులు ఇటు, తాళం వేసిన తలుపుల వెనక. తలుపు తెరిస్తే కరెంటు దానంతటదే పోతుంది. స్తంభం దగ్గర కూడా ఎనభై రెండు మిగులుతుంది."

"అక్కడ నా బీరువా ఉంది."

"చూశాను."

"చప్పుడు?"

"ఉంటుంది."

"మెకానిక్కులు?"

"నూనె చేతులతో వస్తారు."

"ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత దిక్కుమాలిన ఆలోచన వినలేదు," అంది త్రెస్నా. పెన్ను మూత తీసింది, పెట్టింది. "ఇంతకీ యంత్రం వెనక్కి ఎవరూ వెళ్ళనక్కర్లేదంటారు?"

"వెనక అంటూ ఉండదు."

"చెయ్యి పట్టేంత సందు కూడా?"

"కాగితం కూడా పట్టదు."

రెంగనిస్ ఇయార్ పేరెత్తలేదు. త్రెస్నా లేచి వెళ్ళి గోడకి ఆనిన బీరువాని జానతో కొలిచింది. తర్వాత, "బీరువా ఎప్పుడు జరపమంటారు?" అంది విసుగ్గా.

అంతటితో సుఖపడిందా అంటే, లేదు. ఎనిమిదో డ్రాయింగు పదకొండు ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. గోడ కోసిన చోట రబ్బరు అంచు ఎలా ఉండాలి, మర తలలు ఎటు తిరగాలి, తాళం చెవి ఎవరి దగ్గరుండాలి. రెంగనిస్ తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు నెలలకి యంత్రం మూడు ముక్కలుగా లిఫ్టెక్కింది. మొదటి రోజు లేబుళ్ళన్నీ వంకర. మాంగ్ కొసాసి రోజంతా దాని కింద వెల్లకిలా పడుకుని, దాన్ని చేసినవాళ్ళనీ, అంటే తననే, తిట్టిపోశాడు. మూడో రోజుకి దారిలో పడింది.

త్రెస్నాకి పై అంతస్తులో వేరే గది ఇస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "పైన కూర్చుంటే ఇది సరిగ్గా నడుస్తోందో లేదో నాకెలా తెలుస్తుంది?"

అప్పట్నించీ వారానికోసారి ఫోను. "ఇవాళ కొత్త చప్పుడు వస్తోంది. టిక్ టిక్ మని." రెండుసార్లు రెంగనిస్ పనులన్నీ మానుకుని పరిగెత్తింది. ఏమీ లేదు. "ఆవిడ చెవులు కోసి దాచెయ్యాలి మాంగ్," అంది.

మూడోసారి తలుపు తెరిచి చూస్తే బేరింగు అరిగిపోయి ఉంది. మరో రెండు రోజులు పోతే విరిగేదే. మోచేతుల దాకా గ్రీజుతో రెంగనిస్ దాన్ని మారుస్తుంటే, త్రెస్నా పక్కన వంగి టార్చి పట్టుకుంది. ఆ మర ఇంకాస్త బిగించమనీ, ఈ మర ఎందుకంత పొడుగనీ, నోరు ఊరుకోలేదు. పని అయ్యాక బల్ల మీద వేడి వేడి అల్లం పానీయం గ్లాసు పెట్టింది.

"ముందు చేతులు కడుక్కోండి," అంది. "నా గ్లాసుకి మరక అంటనివ్వకండి."