జొన్నబెండు హారం

“హారం యాడిదని ఎవలన్న అడిగితె హైదరాబాద్‌ల కొన్న అని చెప్పు. ఇంట్ల చేసినమంటె పీనాసోళ్లనుకుంటరు,” అన్నాడు భానుప్రసాద్, బోధన్‌లో ఫంక్షన్ హాలు ముందు బండికి స్టాండు వేస్తూ. సింధూజ తలూపింది. పెళ్లయినప్పటి నుంచి ఆ తలకు ఊగడం ఒక్కటే పని.

ఆడపడుచు రవళి హల్దీకి నగలు చేసింది ఆమే. మట్టితో చేస్తే మెడకు బరువైంది. కాగితం చుట్టలు పసుపునీళ్లకు ఆగవు. చివరికి, చిన్నప్పుడు నందిపేట్‌లో బొమ్మబండ్లు చేసుకున్న జొన్నబెండు, జొన్న దంటు లోపలి తేలికపాటి గుజ్జు, గుర్తొచ్చింది. బిళ్లలుగా కోసి, పసుపులో ముంచి ఆరబెట్టి, వార్నిష్ పూసి పట్టుదారానికి గుచ్చింది. అదీ వంటకూ అంట్లకూ నడుమ దొరికినప్పుడే. “ఇల్లంత గీ చెత్తేంది?” అని అత్త గంగుబాయి రోజూ విసుక్కునేది.

ఇప్పుడు రవళి మెడలో అదే హారాన్ని చూసి చుట్టాలంతా ముచ్చటపడుతున్నారు. “మస్తుంది! యాడ తీసుకున్నవమ్మా?” అని ఒక పెద్దామె సింధూజనే అడిగింది.

“హైదరాబాద్‌ల.”

ఆ మాట అనగానే సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడు చెప్పమన్నందుకు కాదు, తాను ఇంత సులువుగా చెప్పేసినందుకు. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా వదల్లేదు. చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.

పసుపు పూస్తుండగా హారం ఊడింది. బిళ్లలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఎందుకో సింధూజకు తెలుసు. పట్టుదారం జారుతుంది, రెండు ముళ్లు వేయాలి. మొదటిది వేస్తుండగా “చాయ్!” అని భానుప్రసాద్ కేకేశాడు. లేచి వెళ్లింది, రెండోది మరిచిపోయింది.

“ఆ దుకాణపోని చేతులిరగ!” అంది గంగుబాయి, ఏమీ తెలియనట్టు.

“రేపే వాపస్ చేస్త,” అని నవ్వాడు భానుప్రసాద్.

లేని దుకాణదారును అందరూ తలో మాటా అంటున్నారు. నోరు మూసుకుంటే తన మీదికి ఏమీ రాదు. కానీ సింధూజకు తల ఎత్తబుద్ధి కాలేదు. మెప్పు ఎలాగూ వదులుకున్నాను, తప్పు కూడా నాది కాకుండా పోతే ఇక నాదంటూ ఏం మిగిలింది అనుకుంది. కొంగు నడుముకు దోపి, రవళి ముందు కూర్చుని బిళ్లలన్నీ ఏరింది.

“దుకాణం లేదు, ఏం లేదు. ఇది నేను చేసిన. ముడి సక్కగ వెయ్యలే, తప్పు నాదే,” అంది హాలంతా వినపడేలా. భానుప్రసాద్ నవ్వు ఆగిపోయింది.

“ఇప్పుడు సక్కగ వేస్త. అయ్యేదాంక నన్నెవలు పిలువకుండ్రి.”